సాయంత్రం పాలకే వచ్చే రోగం

(తిరుపతిలో ఇంజనీరింగ్ విద్యార్థులు, అధ్యాపకుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

కంప్యూటర్ మెమరీలో సిగ్నల్ టైమింగ్ గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. నేను మొదట పాల గురించి చెబుతాను. ఈ విషయం నాకు గట్టిగా అర్థమైంది పీలేరు అవతల ఒక పల్లెలో, రేకుల షెడ్డు కింద నడిచే పాల కేంద్రంలో.

చాలా ఏళ్ల కిందట మేం నలుగురం కలిసి పాల కేంద్రాల కోసం ఒక చిన్న కంప్యూటర్ బోర్డు తయారుచేశాం. మన వైపు పాల కేంద్రం ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. తెల్లారకముందే ఒకసారి, సాయంత్రం నాలుగు దాటాక ఒకసారి, జనం క్యాన్లతో, స్టీలు బకెట్లతో వచ్చి వరుసలో నిలబడతారు. పాలు తూకం వేస్తారు, కొంచెం తీసి మిషన్‌లో పెడితే ఫ్యాట్ ఎంతో తెలుస్తుంది, కంప్యూటర్ లెక్కగట్టి చీటీ ఇస్తుంది. ఆ చీటీలను బట్టే ఇంటికి డబ్బు వస్తుంది. పిల్లల ఫీజులు, దాణా బాకీ, చీటీపాట కంతు అన్నీ ఆ డబ్బులోంచే.

మా బోర్డు బెంగళూరులోని ల్యాబ్‌లో రోజుల తరబడి ఒక్క తప్పు లేకుండా నడిచింది. ధైర్యంగా తెచ్చి పల్లెలో పెట్టాం. పొద్దున పాలప్పుడు బ్రహ్మాండంగా పనిచేసింది. సాయంత్రం ఉన్నట్టుండి ఆగిపోయేది. ఆపి మళ్లీ ఆన్ చేస్తే నడిచేది. అలా ఆగిపోతే పరవాలేదు, కనీసం ఆగిందని తెలుస్తుంది. ఒక సాయంత్రం ఒక అవ్వ ఆరు లీటర్లు పోసింది. చీటీలో రెండు లీటర్లు అని వచ్చింది. "ఆరు పోశాను నాయనా, నా బకెట్ కొలత నాకు తెలీదా" అంది. ఆమె మాటే నిజం. బైనరీలో ఆరు అంటే 110, రెండు అంటే 010. ముందున్న ఒకటి సున్నా అయింది. ఒక్క బిట్ మారితే ఆమె నాలుగు లీటర్ల కష్టం పోయింది. కేంద్రం సెక్రెటరీ మంచి మనిషి, పుస్తకంలో ఆరే రాసుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగి ఒక మాట అడిగాడు: "పొద్దున పాలకు రాని రోగం సాయంత్రం పాలకే ఎందుకొస్తోంది సార్?"

మేం ఇంజనీర్లం నలుగురం వేసుకోని ప్రశ్న అది. మొదట కరెంటు మీద అనుమానపడ్డాం, సాయంత్రం పూట ఓల్టేజ్ పడిపోతుంది కదా అని. స్టెబిలైజర్ పెట్టాం, ఫలితం లేదు. సాఫ్ట్‌వేర్ మీద అనుమానపడి వారం పాటు కోడ్ వెతికాం. చివరికి బోర్డు ఉన్న డబ్బా మీద చెయ్యి పెట్టి చూస్తే చెయ్యి కాలింది. మే నెల, రేకుల కప్పు, మధ్యాహ్నమంతా ఎండ. సాయంత్రం పాలు మొదలయ్యే వేళకు డబ్బా లోపల ఇంకా నిప్పుల కుంపటే. వేడికీ ఆరు రెండు కావడానికీ సంబంధం ఏంటి? అదే ఈ రోజు విషయం.

మెమరీ చిప్ అనగానే మనకు గుర్తొచ్చేది ఎన్ని జీబీలు అన్నదే. లోపల ఒక్కో బిట్ ఒక ట్రాన్సిస్టరు, ఒక చిన్న కెపాసిటర్. ఐబీఎమ్‌లో పనిచేసిన రాబర్ట్ డెన్నార్డ్‌కు దీని మీద 1968లో పేటెంట్ వచ్చింది. మూలసూత్రం ఇప్పటికీ అదే. ఆ కెపాసిటర్లో ఛార్జ్ కారిపోతూ ఉంటుంది కాబట్టి మా బోర్డులో వాడిన రకం చిప్‌లో 64 మిల్లీసెకన్లకు ఒకసారి మళ్లీ నింపాలి, దాన్నే రిఫ్రెష్ అంటాం. చిప్ 85 డిగ్రీలు దాటితే రెండింతలు తరచుగా నింపాలి. ఇది చాలామందికి తెలిసిన సంగతే. నాకు బాధ కలిగించేది ఏంటంటే, మన పాఠాలు ఇక్కడే ఆగిపోతాయి. బిట్ చిప్‌లో భద్రంగానే ఉంటుంది. అది చిప్ నుంచి ప్రాసెసర్‌కు వచ్చే దారిలో ఏమవుతుందో ఎవరూ చెప్పరు. మా అవ్వ ఆరు లీటర్లు చెడింది ఆ దారిలోనే.

ఆ దారి ఎంత ఇరుకో చూడండి. డీడీఆర్ అంటే డబుల్ డేటా రేట్. గడియారం, అంటే ఒకే లయలో పైకీ కిందికీ పోయే సిగ్నల్, పైకి లేచినప్పుడు ఒక బిట్, కిందికి దిగినప్పుడు ఒక బిట్. మా పాల బోర్డులో ఉన్నది డీడీఆర్3, అంటే ఆ రకంలో మూడో తరం, గడియారం 533 మెగాహెర్ట్జ్. అంటే ఒక్కో బిట్ తీగ మీద నిలబడే సమయం సుమారు 938 పికోసెకన్లు. పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్ల వంతు. డీడీఆర్4 లో 3200 రకం తీసుకుంటే ఒక్కో బిట్‌కు 312.5 పికోసెకన్లే. డీడీఆర్5 లో 6400 రకానికి 156. వెలుగు ఒక నానోసెకనులో 30 సెంటీమీటర్లు పోతుంది. బోర్డు మీది రాగి దారిలో సిగ్నల్ దాదాపు సగం వేగంతో పోతుంది, మిల్లీమీటరుకు ఏడు పికోసెకన్ల లెక్క. అంటే డీడీఆర్5 లో ఒక బిట్ పొడవు మీ బొటనవేలి వెడల్పంత. ఒక బిట్ ఇంకా తీగ మీద ఉండగానే వెనక ఇంకోటి తోసుకొస్తూ ఉంటుంది.

ఇంటికి వెళ్లాక పాత మదర్‌బోర్డు ఏదైనా ఉంటే ర్యామ్ స్లాట్ పక్కన చూడండి. కొన్ని దారులు నేరుగా పోకుండా పాముల్లా మెలికలు తిరుగుతాయి. అవి అలంకారం కాదు. పొట్టి దారిని మెలికలు తిప్పి పొడవు దారితో సమానం చేస్తారు, అందరూ ఒకేసారి చేరాలని. మన దగ్గర దీనికి పెద్ద ఉదాహరణే ఉంది. తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో, పాకాల దగ్గర గాదంకిలో, జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది కదా. అక్కడి ఎంఎస్‌టీ రాడార్‌లో 1024 యాంటెన్నాలు ఒక పొలమంత స్థలంలో బారులు తీరి ఉంటాయి. పని చేసే ఫ్రీక్వెన్సీ 53 మెగాహెర్ట్జ్, అంటే ఒక అల పూర్తి కావడానికి 19 నానోసెకన్లు. ఒక యాంటెన్నాకు పోయే కేబుల్ ఒక్క మీటరు ఎక్కువైతే సిగ్నల్ ఐదు నానోసెకన్లు ఆలస్యం, అలలో పావు వంతు పైనే. అది మిగతా వాటితో కలిసి ఒకే దిక్కుకు చూడదు. అందుకే ఇలాంటి రాడార్లలో ఏ దారి ఎంత ఆలస్యం చేస్తోందో కొలిచి సరిచేస్తారు. మీ ల్యాప్‌టాప్‌లో జరిగేదీ ఇదే పని. తేడా ఏంటంటే అక్కడ లెక్క నానోసెకన్లలో, ఇక్కడ పికోసెకన్లలో.

మెలికలు తిప్పి పొడవులు సమానం చేశాం కదా, ఇంక సమస్య ఏముందని మీరు అడగవచ్చు. రెండు సమస్యలున్నాయి.

మొదటిది, అన్ని దారులనూ సమానం చేయడం కుదరదు. ఒక ర్యామ్ స్టిక్ మీద ఎనిమిది చిప్‌లు ఉన్నాయనుకోండి. డీడీఆర్3 నుంచి గడియారం తీగను, అడ్రస్ తీగలను ఒక చిప్ దాటించి ఇంకో చిప్‌కు వరుసగా తీసుకుపోతున్నారు. దీన్ని ఫ్లై-బై అంటారు. బ్రహ్మోత్సవాల్లో మాడ వీధుల్లో వాహనం కదులుతున్నట్టు ఊహించుకోండి. మొదటి మూలలో నిలబడ్డవాళ్ల ముందుకు ముందుగా వస్తుంది, చివరి మూలకు ఎంతో సేపటికి వస్తుంది. ఎవరి హారతి వాళ్లు వాహనం తమ ముందుకొచ్చినప్పుడే ఇవ్వాలి. అందరూ చేతి గడియారం చూసి ఏడున్నరకే ఇస్తామంటే ఒక్కరికి తప్ప ఎవరికీ కుదరదు. మెమరీలో వాహనం అంటే గడియారం, హారతి అంటే డేటాను ఏ క్షణంలో పట్టుకోవాలో చెప్పడానికి దానితో పాటు పంపే స్ట్రోబ్ సిగ్నల్, ఇంజనీర్ల భాషలో డీక్యూఎస్. ఒక్కో చిప్‌కు స్ట్రోబ్‌ను వేర్వేరు ఆలస్యంతో పంపాలి.

ఆ ఆలస్యం ఎంతో ఎలా తెలుస్తుంది? చిప్‌నే అడగాలి. ఈ పద్ధతి పేరు రైట్ లెవలింగ్, ఇక్కడ రైట్ అంటే రాయడం. నాకు ఈ రంగంలో అన్నిటికంటే ఇష్టమైనది ఇదే, అంత సులువుగా ఉంటుంది. ప్రాసెసర్ వైపు నుంచి మెమరీని నడిపే కంట్రోలర్ ఒక స్ట్రోబ్ పంపుతుంది. చిప్ ఆ క్షణంలో గడియారం వైపు చూసి, వాహనం ఇంకా రాలేదంటే సున్నా, వచ్చేసిందంటే ఒకటి అని డేటా తీగ మీద జవాబిస్తుంది. సున్నా వస్తే కంట్రోలర్ స్ట్రోబ్‌ను ఇంకో మెట్టు ఆలస్యం చేసి మళ్లీ అడుగుతుంది. సున్నా, సున్నా, సున్నా, ఒకటి. ఎక్కడ సున్నా ఒకటిగా మారిందో అదే సరైన చోటు. కొలిచేది చిప్, వెతికేది కంట్రోలర్. మనిషి లెక్క వేసిన సంఖ్య ఎక్కడా లేదు.

చదివేటప్పుడు ఇంకో చిక్కు. స్ట్రోబ్ తీగ ఖాళీగా ఉన్నప్పుడు దాన్ని ఎవరూ పట్టుకుని ఉండరు, అది గాలిలో ఊగుతున్నట్టే. స్ట్రోబ్‌ను లోపలికి వదిలే గేటును కంట్రోలర్ ముందే తెరిస్తే చెత్త సిగ్నల్ లోపలికొస్తుంది, ఆలస్యంగా తెరిస్తే మొదటి బిట్ పోతుంది. కాబట్టి గేటు ఎప్పుడు తెరవాలో కూడా వెతికి పట్టుకోవాలి. అది దొరికాక డేటాను సరిగ్గా మధ్యలో పట్టుకోవాలి. చిప్ నుంచి డేటా, స్ట్రోబ్ ఒకేసారి బయల్దేరతాయి, అంచుకు అంచు కలిసి. అంచు దగ్గర చదివితే అది పాత బిట్టో కొత్త బిట్టో తెలియదు. అందుకే కంట్రోలర్ స్ట్రోబ్‌ను పావు గడియారం, అంటే గడియారం ఒకసారి లేచి దిగే సమయంలో నాలుగో వంతు, ఆలస్యం చేసి బిట్ నడిమధ్యన చదువుతుంది. ఆసిలోస్కోప్‌లో వేల బిట్లను ఒకదాని మీద ఒకటి వేసి చూస్తే కన్ను ఆకారం కనిపిస్తుంది, ఐ డయాగ్రమ్ అంటాం. ఆ కన్ను నడుమ నిలబడాలి. కొత్త తరాల్లో సమయంతో పాటు ఎంత ఓల్టేజ్ దగ్గర చూడాలో కూడా వెతుకుతారు, కన్నుకు వెడల్పే కాదు ఎత్తూ ఉంది కాబట్టి. తీగను నడిపే డ్రైవర్ బలాన్ని సరిచూసుకోవడానికి చిప్ పక్కనే 240 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి ఉంటుంది, దాన్ని కొలబద్దగా పెట్టుకుని చిప్ తనను తాను దిద్దుకుంటుంది. ఆ రెంటి జోలికి ఇవాళ పోను.

రెండో సమస్యకు వస్తాను. మా పాల కేంద్రంలో దెబ్బ కొట్టింది ఇదే, అందుకే నింపాదిగా చెబుతాను.

పావు గడియారం ఆలస్యం చేయడం అన్నాను. ఎలా చేస్తాం? ప్రాసెసర్ చిప్‌లో చిన్న చిన్న లాజిక్ గేట్లను (ఇందాకటి గేటు కాదు) గొలుసులా కలుపుతాం, దాన్ని డిలే లైన్ అంటారు. ఒక్కో గేటు దాటడానికి సిగ్నల్‌కు కొన్ని పికోసెకన్లు పడుతుంది. అవి మెట్లు అనుకోండి. ఎన్ని మెట్లు ఎక్కిస్తే అంత ఆలస్యం. అలిపిరి నుంచి కొండకు 3,550 మెట్లని చెబుతాం, అవి రాతి మెట్లు, పొద్దునా సాయంత్రం ఒకటే ఎత్తు. సిలికాన్ మెట్లు అలా కావు. వేడెక్కితే ఎత్తు మారుతుంది, ఓల్టేజ్ తగ్గితే మారుతుంది, ఫ్యాక్టరీలో ఒక వేఫర్‌కూ (చిప్‌లు కోసే సిలికాన్ పలక) ఇంకో వేఫర్‌కూ మారుతుంది. మా చిప్‌లో వేడెక్కితే మెట్టు ఎత్తు పెరిగేది. తక్కువ ఓల్టేజ్‌తో నడిచే కొన్ని కొత్త చిప్‌లలో దీనికి తిరగబడి, వేడిలో వేగం పెరుగుతుంది కూడా. అందుకే ఊహించి లెక్క వేయడం పనికిరాదు.

ఇప్పుడు మా తప్పు చూడండి. ల్యాబ్‌లో ఒక బోర్డు మీద, ఏసీ గదిలో, సరైన మెట్ల సంఖ్యలు వెతికి పట్టుకున్నాం. బాగా నడిచింది. ఆ సంఖ్యలనే కోడ్‌లో రాసి అన్ని బోర్డుల్లోకీ ఎక్కించాం. బోర్డు త్వరగా ఆన్ అవుతుందని ఆ పని చేశాం, చిప్ అమ్మినవాళ్లిచ్చిన నమూనా కోడ్‌లో కూడా అలాగే ఉంది. తెల్లవారుజామున పల్లెలో చల్లగా ఉంటుంది కాబట్టి మెట్లు దాదాపు ల్యాబ్ ఎత్తులోనే ఉన్నాయి. సాయంత్రానికి ప్రతి మెట్టూ ఎత్తు పెరిగింది. అవే మెట్లు ఎక్కిన స్ట్రోబ్ కన్ను మధ్యలో కాకుండా కుడి అంచుకు పోయి నిలబడింది. అక్కడ చాలాసార్లు సరిగ్గానే చదువుతుంది, అప్పుడప్పుడు పక్క బిట్‌ను చదువుతుంది. సెక్రెటరీ అడిగిన ప్రశ్నకు జవాబు అదే.

ఇది తెలిశాక నాకు ఎక్కువ బాధ కలిగించిన విషయం ఇంకోటి. జబ్బుకు మందు ఆ చిప్‌లోనే ఉంది. మేమే దాన్ని ఆపి పెట్టాం.

ఆ మందు ఇలా పనిచేస్తుంది. చిప్‌లో అసలు పనిచేసే డిలే లైన్‌లు కాకుండా కొలత కోసమే ఇంకో డిలే లైన్ ఉంటుంది, దాన్ని మాస్టర్ అంటారు. దాని పని ఒక్కటే: ఒక పూర్తి గడియారం ఆలస్యానికి ఇప్పుడు ఎన్ని మెట్లు పడుతున్నాయో లెక్కపెడుతూ ఉండటం. గడియారం క్వార్ట్జ్ స్ఫటికం నుంచి వస్తుంది, వేడికి అది మారేది పది లక్షల్లో కొన్ని వంతులే. కాబట్టి అది కదలని కొలబద్ద. వేడెక్కి మెట్టు ఎత్తు పెరిగితే అదే గడియారానికి తక్కువ మెట్లు చాలు, మాస్టర్ లెక్క తగ్గుతుంది. పావు గడియారం కావాలంటే ఆ లెక్కలో నాలుగో వంతు. హార్డ్‌వేరే ఆ భాగహారం చేసి అసలు డిలే లైన్‌లకు కొత్త సంఖ్య పంపిస్తుంది. మధ్యలో సాఫ్ట్‌వేర్ లేదు, మనిషి లేడు.

ఇక్కడ తెలివైన ఏర్పాటు ఇంకోటి ఉంది. డేటా పోతున్నప్పుడు ఆలస్యాన్ని మారిస్తే ఆ క్షణంలో స్ట్రోబ్ చెదిరిపోవచ్చు. మరి ఎప్పుడు మార్చాలి? రిఫ్రెష్ గురించి చెప్పాను కదా. మామూలు వేడిలో సగటున 7.8 మైక్రోసెకన్లకు ఒకసారి రిఫ్రెష్ ఆదేశం వెళ్తుంది. 4 గిగాబిట్ డీడీఆర్3 చిప్‌కు ఆ పని ముగియడానికి 260 నానోసెకన్లు పడుతుంది, అంతసేపూ డేటా తీగలు ఖాళీ. ఆ సందులో కొత్త సంఖ్య ఎక్కించేస్తారు. మెమరీ ఒక్క క్షణం కూడా అదనంగా ఆగదు.

సాఫ్ట్‌వేర్‌తో ఈ పని చేయలేమా అని విద్యార్థులు అడుగుతుంటారు. ఆన్ చేసినప్పుడు చేయవచ్చు, చాలా కంప్యూటర్లలో ఆన్ కాగానే మొదట నడిచే బయాస్ చేసేది అదే. డీడీఆర్5 వేసిన కొత్త కంప్యూటర్ మొదటిసారి ఆన్ చేస్తే కొన్నిసార్లు నిమిషాల తరబడి తెర నల్లగా ఉంటుంది. పాడైందని భయపడి స్విచ్ ఆపేయకండి, అది కన్ను ఎక్కడుందో వెతుక్కుంటోంది. దొరికిన సంఖ్యలను దాచుకుని తర్వాత త్వరగా లేస్తుంది. కానీ నడుస్తున్నప్పుడు సాఫ్ట్‌వేర్‌తో దిద్దడం కష్టం. ఆ కోడ్ ఉండేదే మెమరీలో. నిలబడ్డ కొమ్మను కదిలించినట్టు అవుతుంది. అందుకే ఆన్ చేసేటప్పుడు వెతికే కోడ్‌ను కూడా ప్రాసెసర్‌లోనే ఉండే ఎస్‌ర్యామ్ అనే చిన్న వేరే మెమరీలోంచి నడుపుతారు.

అలాగని అంతా హార్డ్‌వేర్‌కే వదిలేయమని నేను చెప్పను. సిలికాన్‌లో చెక్కిన పద్ధతిలో తప్పుంటే దాన్ని దిద్దడానికి లేదు, కొత్త చిప్ చేయాల్సిందే. కన్ను వంకరగా ఉన్నప్పుడు మధ్య ఏదో నిర్ణయించడానికి కొంత ఆలోచన కావాలి, దానికి ఫర్మ్‌వేర్, అంటే పరికరంలోనే ఉండి దాన్ని నడిపే కోడ్, మంచిది. చాలా కొత్త చిప్‌లలో మెమరీ తీగల పక్కనే ఒక చిన్న ప్రాసెసర్‌ను పెట్టి దానికి ఆ పని అప్పగిస్తున్నారు. నా అభిప్రాయం ఇది: ఎక్కడ నిలబడాలో ఫర్మ్‌వేర్ నిర్ణయించాలి, అక్కడే నిలబడి ఉన్నామా లేదా అని క్షణక్షణం కొలిచే పని హార్డ్‌వేర్‌కు ఉండాలి. ఈ రెండో పనిని ఏ కారణం చేతా ఆపకూడదు. సర్వర్లలో ఈసీసీ ఉంటుంది కదా, ఒక బిట్ తప్పితే అదే దిద్దుతుంది కదా అంటారు కొందరు. నిజమే, 64 బిట్లకు ఇంకో ఎనిమిది కలిపి కాపలా పెడతారు. కానీ టైమింగ్ అంచుకు చేరిన మెమరీలో తప్పులు ఒక్కో బిట్‌గా రావు, గుంపుగా వస్తాయి. పాల కేంద్రంలో పెట్టే చవక బోర్డుకు ఆ కాపలా ఉండదు కూడా.

మీ జేబులోని ఫోన్ సంగతి కూడా చెప్పాలి. ఫోన్లలో వాడే ఎల్‌పీడీడీఆర్4 రకం మెమరీ చిప్‌లోనే ఒక చిన్న ఆసిలేటర్ పెట్టారు, స్ట్రోబ్ పోయే దారి ఎలా ఉందో దానికి నకలు లాంటిది. కంట్రోలర్ దాన్ని కొంతసేపు తిప్పి, ఎన్ని చుట్లు తిరిగిందో చదువుతుంది. పోయినసారి కంటే లెక్క మారితే లోపల వేడో ఓల్టేజో మారిందని అర్థం, ఆలస్యాన్ని దిద్దుకుంటుంది. మీరు ఎండలో బైక్ మీద ఫోన్ పెట్టుకుని దారి చూసుకుంటున్నప్పుడు ఇది జరుగుతూనే ఉంటుంది.

రేణిగుంట పక్కన, శ్రీసిటీలో ఎలక్ట్రానిక్ వస్తువులు తయారవుతున్నాయి. మీలో చాలామంది అక్కడికే ఉద్యోగాలకు వెళ్తారు. లైన్ మీద వరుసగా వచ్చే వెయ్యి బోర్డులూ చూడటానికి ఒకటే, మెట్ల ఎత్తు మాత్రం వెయ్యి రకాలు. ఒక బోర్డు మీద దొరికిన సంఖ్యను మిగతా 999 బోర్డుల్లో రాయమని ఎవరైనా చెబితే, దయచేసి ఒకసారి ఆపి అడగండి. టెస్ట్ రూమ్‌లో ఏసీ ఉంటే దాన్ని ఆపించి, వేడి పెట్టి టెస్ట్ చేయమని అడగండి. మేం అడగలేదు.

పీలేరు బోర్డు విషయం ముగిస్తాను. ఇందాక చెప్పిన మందును, అంటే హార్డ్‌వేర్ కాలిబ్రేషన్‌ను, ఆన్ చేసి, మాస్టర్ లెక్కను గంటకోసారి ఫైల్‌లో రాసుకునేలా పెట్టి వచ్చాం. పది రోజుల తర్వాత ఆ ఫైల్ తెరిచి చూశాను. ప్రతి రోజూ తెల్లవారుజామున సంఖ్య పైన, మధ్యాహ్నానికి కిందికి, రాత్రికి మళ్లీ పైకి. ఎండ ఎలా ఎక్కి దిగిందో అందులో గీత గీసినట్టు కనిపించింది. ఒక సాయంత్రం ఉన్నట్టుండి పైకి లేచింది. సెక్రెటరీ అన్నకు ఫోన్ చేసి అడిగితే ఆ రోజు నాలుగింటికి వాన పడిందన్నాడు. చీటీలు సరిగ్గా వస్తున్నాయా అన్నా అంటే, "అవ్వ రోజూ రెండుసార్లు చదివించుకుంటోంది సార్, ఒక్కటీ తప్పు రాలేదు" అన్నాడు.

ఆ బోర్డుల్లో ఒకటి ఇక్కడ బల్ల మీద పెట్టాను. తెర మీద కనిపిస్తున్న సంఖ్య మాస్టర్ లెక్క. ఇది మామూలు హెయిర్ డ్రయర్. ముందు వరుసలోవాళ్లు దగ్గరికి రండి, చిప్ మీదికి వేడి గాలి పెడతాను. సంఖ్య తగ్గడం మొదలవగానే మెమరీ టెస్ట్ కూడా ఆన్ చేస్తాను. ముందు కాలిబ్రేషన్‌తో చూద్దాం, తర్వాత మీలో ఒకరు వచ్చి దాన్ని ఆపండి.